తలుపు సందులో టవల్

“ఒక్కరోజు తప్పిందా, బూట్లు అటకెక్కుతాయి. తర్వాత నన్ననొద్దు.”

ఈ మాట ఆయన అని ఏడు నెలలు దాటింది. అయినా తెల్లవారుజామున ఐదింటికి, ఊరుకాని ఊళ్ళో, హోటల్ గదిలో బూట్ల లేసులు కట్టుకుంటుంటే పక్కనే కూర్చుని అంటున్నట్టు వినపడింది ఆమెకి. లేచి, స్నానాల గదిలోంచి చిన్న చేతి టవల్ తెచ్చి, మంచం మీద పరిచి నాలుగు మడతలు వేసింది. అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ వేసింది. తలుపు సందులో కుక్కే గుడ్డకి ఇంత సోకెందుకే అని అడిగేవాళ్ళు అక్కడెవరూ లేరు. ఆ చేతులకి అదే అలవాటు.

టవల్ సంగతేమిటంటే, ఆ హోటల్‌కి లిఫ్టు కాకుండా వెనకవైపు మెట్లున్నాయి. నిప్పంటుకుంటే దిగి పారిపోవడానికి కట్టినవి. ప్రతి అంతస్తులోనూ వాటికో బరువైన ఇనప తలుపు. వరండా వైపు నుంచి తోస్తే తెరుచుకుంటుంది, వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది. మెట్ల వైపు మాత్రం పిడి లేదు, నున్నటి రేకు. అంటే లోపలికి వెళ్ళడమే గాని తిరిగి రావడానికి వీల్లేదు. నిన్న సాయంత్రం గదిలో పెట్టె పెట్టగానే ఆమె ఇది చూసి పెట్టుకుంది. ఏ ఊళ్ళో దిగినా ముందు చూసుకునేది ఇదే, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, గడియ గట్టిగా పడుతుందా లేదా అని. భయస్తురాలి బుద్ధి అనుకోండి. అనుకుంటే అనుకున్నారు, నెలకి పది రోజులు ఒంటరిగా ఊళ్ళు తిరిగే ఆడమనిషికి ఆ బుద్ధి లేకపోతే ఎలా?

ఆమె పని వినికిడి పరీక్ష చేసే యంత్రాలు సరిచూడటం. చెవి డాక్టర్ల దగ్గర ఉంటాయి చూడండి, చెవులకి తగిలించి “చప్పుడు వినపడగానే బటన్ నొక్కండి” అంటారు, అవి. ఆ చప్పుడు ఎంత ఉండాలో అంతే ఉందో లేదో ఏడాదికోసారి ఎవరో ఒకరు వచ్చి చూడాలి. ఆ ఎవరో ఒకరు ఈమె. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే అక్కడివాళ్ళు ఆమె భుజం మీదుగా వెనక్కి తొంగిచూసి “ఇంజనీరుగారు రాలేదామ్మా” అని అడుగుతారు. “వచ్చారు” అని పెట్టె కింద పెట్టి పని మొదలుపెడుతుంది. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మంటకి కూడా తీరిక లేదు.

పరుగు ఆమెకి డాక్టరు చెప్పిందీ కాదు, ఒళ్ళు తగ్గాలని పెట్టుకున్నదీ కాదు. ఒకరోజు ఆఫీసు బస్సు కదిలిపోతుంటే వెంటపడి పరిగెత్తి ఎక్కింది. సీట్లో కూలబడ్డాక చెవుల్లో ధనధనమని ఏదో చప్పుడు. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, ఊళ్ళో వాళ్ళందరి చెవులకీ యంత్రాలు సరిచేసిన మనిషి, తన గుండె చప్పుడు తాను విని ఎంతకాలమైందో అనుకుంది. అనుకుని ఊరుకోలేదు, ఆ నెల జీతం రాగానే బూట్లు కొనుక్కొచ్చింది. ఇంట్లో నవ్వులే నవ్వులు. “మన ఎక్స్‌ప్రెస్ ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో” అన్నారు ఆయన. “మాకు ఇంట్లో పనే పరుగు, వేరే బూట్లు కొని పరిగెత్తే భాగ్యం మాకెక్కడిదీ” అంది అత్తయ్య. నవ్వులయ్యాక షరతులు వచ్చాయి. పొద్దున్న ఏడు లోపు అయిపోవాలి. లంచ్ డబ్బాలు ఆలస్యం కాకూడదు. నలభై నిమిషాలంటే నలభై. అన్నిటికన్నా పెద్దది, ఒక్కరోజు తప్పకూడదు. తప్పితే అది సరదా కింద లెక్క, సరదాల కోసం ఇల్లు ఇబ్బంది పడక్కర్లేదు.

వంటింట్లో కాలెండరు, దానికి దారంతో కట్టిన ఎర్ర కలం. టిక్కు పెట్టేది మామయ్య. “నీ మంచికేనమ్మా, క్రమశిక్షణ అంటే ఇదీ” అంటారు. ఆ ఇంట్లో క్రమశిక్షణకి కాలెండరు వేలాడేది ఆమె ఒక్కదానికే. ఆయన కొన్న వ్యాయామం సైకిలు మీద మూడేళ్ళుగా తడి తువ్వాళ్ళు ఆరుతున్నాయి, దానికి ఏ టిక్కులూ లేవు.

నిన్నటికి రెండువందల పన్నెండు టిక్కులు. జ్వరంతో పరిగెత్తిన రోజులున్నాయి అందులో. అమ్మకి ఆపరేషన్ అయిన రోజు ఆసుపత్రి కార్ల షెడ్డులో గుండ్రంగా నలభై నిమిషాలు తిరిగింది, అదీ ఉంది. ఇక ఊళ్ళు తిరిగినప్పుడు పాట్లు చెప్పక్కర్లేదు. “ఊరుకాని ఊళ్ళో చీకటితో ఆడది రోడ్డెక్కి పరిగెత్తితే చూసేవాళ్ళేమనుకుంటారు? నీకేమైనా అయితే నలుగురూ ఉమ్మేసేది నా మొహానే. బయట అడుగు పెట్టకు” అని ఆయన ఆన. బయటికి వెళ్ళకూడదు, రోజు తప్పకూడదు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ ఆమె పరుగు. ఒక ఊళ్ళో మంచానికీ గోడకీ మధ్య మూడడుగుల జాగాలో నిలబడి పరిగెత్తితే కింద గదివాళ్ళు కంప్లయింటు చేశారు. ఇంకో ఊళ్ళో హోటల్ మేడ మీద నీళ్ళ ట్యాంకుల మధ్య. పరుగయ్యాక ఫోన్లో నిమిషాలు చూపించే తెరని ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెడుతుంది. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి టిక్కు పెడతారు. ఆ టిక్కు పడేదాకా ఆమె ఫోను కింద పెట్టదు. ఇంట్లో ఎవరూ పిలవని, ఎవరికీ ఏదీ వెతికి ఇవ్వక్కర్లేని ఆ నలభై నిమిషాలు పోతే తనకింక ఏమీ మిగలదని ఆమెకి తెలుసు. ఎవరికైనా చెబితే “దీనికే ఇంతా” అంటారు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఈ ఊళ్ళో మెట్ల సంగతి చెప్పింది కౌంటర్ దగ్గర అబ్బాయి. “బయటికెందుకు మేడమ్, లేడీస్ కదా. వెనక మెట్లు వాడుకోండి, అది సేఫ్” అన్నాడు. అతను అలా అంటుండగానే నిక్కరు వేసుకున్న ఒకాయన పక్కనుంచి ఈల వేసుకుంటూ గాజు తలుపు తోసుకుని వీధిలోకి పరిగెత్తుకుంటూ పోయాడు. ఆయనకి మెట్ల సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

సరే. ఐదుంబావుకి ఆరో అంతస్తు తలుపు తోసి, సందులో టవల్ కుక్కి, ఫోన్లో గడియారం నొక్కి దిగడం మొదలుపెట్టింది. మెట్లలో కిటికీల్లేవు. పైకప్పున బల్బులున్నాయి గాని, మనిషి కదిలితేనే వెలుగుతాయి, కదలకపోతే కాసేపటికి ఆరిపోతాయి. ఆమె ఒక అంతస్తు దిగుతుంటే ఆ అంతస్తు వెలిగేది, వెనకది ఆరిపోయేది. ముందూ చీకటే, వెనకా చీకటే, మధ్యలో తనున్నంత మేరా వెలుతురు. సున్నం వాసన, తడి సిమెంటు వాసన. తన బూట్ల చప్పుడే గోడలకి తగిలి తిరిగొచ్చి, ఇంకెవరో వెనకాలే దిగుతున్నట్టు ఉంది. రెండుసార్లు ఆగి విన్నది. ఎవరూ లేరు.

మూడో అంతస్తులో తలుపు కొంచెం తెరిచి ఉంది. చూస్తే సందులో ఒక రబ్బరు చెప్పు ఇరుక్కుని ఉంది. పాతది, మడమ దగ్గర అరిగిపోయింది. ఎవడో ఇంగితం లేని మనిషి పారేసి పోయుంటాడు, తలుపులు పాడయ్యేది ఇలాగే కదా, అనుకుంది. రెండు వేళ్ళతో దాన్ని పైకి తీసి, గోడవారగా పెట్టి, తలుపుని నెట్టి సరిగా మూసింది. గడియ టక్కుమని పడింది. ఒక పని సరిగా చేసినప్పుడు కలిగే చిన్న తృప్తి కూడా కలిగింది, దాచడం ఎందుకు. మళ్ళీ పరుగు. అడుగున నేల మీద ఎర్ర కమ్మీ ఉన్న పెద్ద తలుపు, దాని మీద బోర్డు: అత్యవసర సమయంలో మాత్రమే, తెరిచినచో అలారం మోగును. ఆ తలుపు అవతల వీధి. ఆమె దాన్ని ముట్టుకోలేదు, వెనక్కి తిరిగి ఎక్కడం మొదలుపెట్టింది.

పైకి, కిందికి, పైకి. మూడోసారి అడుగుదాకా దిగి మళ్ళీ ఎక్కుతూ రెండో అంతస్తులో ఉండగా వినిపించింది. చాలా పైన, టక్కుమని.

వేరేవాళ్ళయితే అది వినేవాళ్ళు కాదేమో. ఆమె బతుకే చప్పుళ్ళతో. అది ఇందాక తను మూసిన తలుపు చేసిన చప్పుడే, ఇప్పుడు ఆరో అంతస్తు నుంచి వచ్చింది. రెయిలింగు పట్టుకుని పైకి చూసింది. మెట్ల మధ్య ఖాళీలోంచి, నాలుగంతస్తుల పైన, వెలుతురు కనపడింది.

ఎవరో తన తలుపు మూసేశారు.

పై ప్రాణాలు పైనే పోయాయి. కదలకుండా నిలబడిపోయింది. కదలకపోయేసరికి ఆమె తల మీది బల్బు ఆరిపోయింది. కాసేపటికి పైన వెలుతురు కూడా ఆరిపోయింది. అంటే పైనున్న మనిషి వెళ్ళిపోలేదు. తలుపు మళ్ళీ చప్పుడు కాలేదు, అడుగుల చప్పుడూ లేదు. తనలాగే కదలకుండా నిలబడి, వింటున్నాడు. తను వింటున్నదని వాడికి తెలుసు. టవల్ తీసి తలుపు మూశాడంటే ఊరికే మూస్తాడా, తను తిరిగి వెళ్ళకుండా మూశాడు. నిన్న కౌంటర్ దగ్గర ఎవరెవరున్నారు? నిక్కరాయన ఉన్నాడు, సోఫాలో పేపరు చదివే అతనున్నాడు, మెట్ల సంగతి చెప్పిన అబ్బాయే ఉన్నాడు. అతనికి తన గది నంబరు తెలుసు, ఏ టైముకి మెట్లలో ఉంటుందో తెలుసు, తనే చెప్పింది నోరు మూసుకోకుండా. అరిస్తే ఎవరికి వినపడుతుంది, ఇన్ని ఇనప తలుపులు. కిందికి పరిగెత్తి ఆ ఎర్ర కమ్మీ తోస్తే వీధి, చీకటి వీధి, అక్కడెవరుంటారో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంత భయంలో కూడా చెవిలో వినపడుతున్నది ఇంట్లోవాళ్ళ గొంతులే. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అత్తయ్య, నేను ముందే చెప్పాను కదా అని ఆయన, క్రమశిక్షణ వేరు మొండితనం వేరమ్మా అని మామయ్య. తనకేమైనా అయితే, ఏమైందని కాదు, అక్కడెందుకుందని అడుగుతారు. పైన ఎక్కడో బట్ట గోడకి రాసుకున్న చప్పుడు. తర్వాత ఊపిరి. ఊపిరి బిగబట్టి, ఆగలేక వదిలిన చప్పుడు.

అప్పుడు ఫోను మోగింది.

ఆ మెట్లలో అది మోగుతుంటే ఎనిమిదంతస్తులూ దద్దరిల్లాయి. ఆపబోయి, వేలు తడబడి, ఎత్తేసింది.

“గీజర్ స్విచ్ ఏదీ? ఇక్కడ నాలుగున్నాయి” అన్నారు ఆయన.

“పైనుంచి మూడోది” అంది ఆమె గుసగుసగా. చావు నెత్తిమీద నిలబడి ఉందనుకుంటూ కూడా చెప్పింది. పైనుంచా కిందనుంచా అని కూడా ఆయన అడక్కముందే చెప్పింది.

“అలా గుసగుసలాడుతున్నావేం? పక్కన ఎవరున్నారు?”

ఇదీ వరస. భయమేస్తోందండీ, ఎవరో ఉన్నారు, అని చెప్పడానికి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో కూడా వెంటనే వచ్చింది. పరుగు బంద్, ఊళ్ళు తిరగడం బంద్, ఉద్యోగం ఆఫీసులో కూర్చుని చేసేదైతే చెయ్యి లేకపోతే మానెయ్యి. భయపడ్డానని ఒప్పుకున్న ఆడదానికి ఇంట్లో ఇచ్చే మందు అదొక్కటే. “ఎవరూ లేరు” అంది.

“అమ్మా” అని పైనుంచి ఒక గొంతు దిగింది. వణికిపోతున్న గొంతు. “అమ్మా, నువ్వు ఆడమనిషివేనా?”

“ఎవరది?” అన్నారు ఆయన ఫోన్లో.

“ఎవరో ఆవిడండీ. ఇక్కడే, హోటల్‌లో.”

“బయటికి వెళ్ళలేదుగా?”

“లేదు. మెట్లలోనే.”

“సరే, అయ్యాక ఫోటో పెట్టు. నాన్న కలం పట్టుకుని కూర్చున్నారు.”

పైన బల్బు వెలిగింది, తర్వాత దాని కింది బల్బు, దాని కిందిది. గోడ పట్టుకుని ఒక పెద్దావిడ దిగుతోంది. యాభై అయిదు పైనే, దిట్టమైన మనిషి, చెమటతో మొహం నిగనిగలాడుతోంది. కాళ్ళకి చెప్పుల్లేవు. చేతిలో టవల్, నాలుగు మడతలూ చెదరకుండా.

ఆమె రెండంతస్తులు ఎక్కి ఎదురెళ్ళింది, ఇద్దరూ నాలుగో అంతస్తు మెట్ల మీద కూలబడ్డారు. ఆవిడ యాత్రల బస్సు నడుపుతుందట. “నలభై మందిని వెనకేసుకుని కొండ దారులు దిగుతాను, ఏనాడూ ఇంత భయపడలేదు తల్లీ” అంది రొమ్ము మీద చెయ్యేసుకుని. రోజంతా సీట్లో కూర్చుంటే కాళ్ళు వాస్తాయి, పొద్దున్నే అరగంట నడవకపోతే బ్రేకు మీద కాలు ఆనదు. ఆవిడకి కూడా కౌంటర్ అబ్బాయే చెప్పాడట, లేడీస్‌కి మెట్లే సేఫ్ అని. ఈమె కంటే ముందే వచ్చి ఎనిమిదో అంతస్తుదాకా ఎక్కింది. అప్పుడు కింద ఎక్కడో తలుపు చప్పుడు, ఆ వెంటనే పరుగు. “అడుగులు పరిగెత్తుకుంటూ వస్తాయి, పోతాయి, మళ్ళీ వస్తాయి. ఎవడో నాకోసమే వెతుకుతున్నాడనుకున్నా. పావుగంట ఆ మూల చీకట్లో ఊపిరి బిగబట్టి నిలబడ్డా. ఇంక ఉండలేక, ఆ అడుగులు దిగిపోగానే మెల్లిగా దిగివస్తే ఆరో అంతస్తులో తలుపు సందు కనపడింది. దేవుడిచ్చిన సందు అనుకుని లాగాను. ఈ టవల్ కింద పడింది.”

“పడితే?”

ఆవిడ టవల్ వైపు చూసింది. “పడితే వంగి తీశాను. అంత గొప్ప తెల్లటి టవల్ నేల మీద పడి ఉంటే చూస్తూ ఊరుకుంటానా? తలుపు పట్టుకోవాలా టవల్ తియ్యాలా అంటే నా చెయ్యి టవల్ దగ్గరికే పోయింది. లేచేసరికి తలుపు పడిపోయింది.”

ఆమెకి నవ్వొచ్చింది, నవ్వలేకపోయింది. “మీ గది మూడో అంతస్తా?”

“అవును. అక్కడ నా తలుపుకి చెప్పు అడ్డం పెట్టుకున్నాలే, దాంట్లోంచి పోదాం పద.”

చెప్పవలసి వచ్చింది. పెద్దావిడ తొడ మీద చరుచుకుని, “గోడవారగా పెట్టావా, చక్కగా” అంది. “ఇద్దరం ఇద్దరమే. ప్రాణం మీదికొచ్చినా సర్దేస్తాం.” అప్పుడు ఇద్దరూ నవ్వారు, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. నవ్వు తగ్గాక మళ్ళీ భయం అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు ఇద్దరికి.

ప్రతి అంతస్తులోనూ తలుపు బాదారు. ఎవరూ పలకలేదు. కౌంటర్‌కి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. దారిలో మూడో అంతస్తులో ఆ ఒంటి చెప్పు తీసి ఆవిడ తొడుక్కుంది. రెండోది గదిలో ఉంది. అడుగున ఎర్ర కమ్మీ ముందు ఆగారు. “అలారం మోగుతుందట” అంది ఆమె. మోగితే హోటలంతా లేస్తుంది, ఇద్దరు ఆడవాళ్ళు మెట్లలో ఏం చేస్తున్నారని అడుగుతారు, పేర్లు రాసుకుంటారు, ఎక్కడో ఎవరో ఫోను చేసి ఇంట్లో చెబుతారు. డ్రైవరమ్మ అవేమీ ఆలోచించినట్టు లేదు. రెండు చేతులతో కమ్మీ తోసింది. తలుపు తెరుచుకుంది. ఏదీ మోగలేదు. ఇన్నాళ్ళూ ఆ బోర్డు ఉత్తినే బెదిరిస్తూ కూర్చుంది.

వాళ్ళు బయటికి రాగానే అదీ వెనకాల మూసుకుంది.

ఇరుకు సందు. వంటగది వెనక చెత్త డబ్బాలు, జారుడు నీళ్ళు, పగిలిన సీసాల ముక్కలు. ఆకాశం ఇంకా బూడిద రంగులోనే ఉంది. ఒకవైపు హోటలూ దానికి అతుక్కుని ఉన్న గోదాముల వరసా, ఇంకోవైపు ఎత్తయిన గోడ. ముందు వాకిలికి చేరాలంటే సందు చివరిదాకా పోయి, పెద్ద రోడ్డెక్కి, చుట్టూ తిరిగి రావాలి. మైలు దూరం ఉంటుంది. ఫోను తీసి చూసింది. ఇందాక ఆమె పరుగు ఆపగానే దానంతటదే ఆగిన గడియారం పంతొమ్మిది నిమిషాల దగ్గరే ఉంది. ఇంకా ఇరవయ్యొకటి. పరిగెత్తితే ముందు వాకిలి చేరి, ఇంకో చుట్టు తిరిగినా సరిపోతుంది. టిక్కు తప్పదు.

“నువ్వు పరిగెత్తు తల్లీ, నీ లెక్కేదో ఉందన్నావుగా. నేను మెల్లగా కుంటుకుంటూ వస్తాలే” అంది డ్రైవరమ్మ. అంటూనే వెనక్కి తిరిగి సందు పొడుగునా ఒకసారి చూసింది.

ఆమె పరిగెత్తింది. ఎన్ని అడుగులో తెలుసా, ఎనిమిది. తొమ్మిదో అడుగుకి తల తిప్పి చూస్తే, పెద్దావిడ ఒంటి కాలి మీద గోడ పట్టుకుని, రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉంది. ఆ చెప్పు సందులోంచి తీసిన చెయ్యి ఎవరిది? ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఆగాక ఎర్ర కలం కళ్ళ ముందు కనపడింది. అయినా వెనక్కి నడిచి వచ్చి, టవల్ మడతలు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ పాదానికి చుట్టి బిగించి కట్టింది.

సగం దూరం వచ్చేసరికి వెనక ఇంజను చప్పుడు. ఒక వ్యాను సందులోకి తిరిగి, లైట్లు వేసుకుని, మెల్లగా వాళ్ళ వెనకే వస్తోంది. దాటి పోవడం లేదు. వాళ్ళు ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా. ఆమె డ్రైవరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మొదటి గేరులో ఉంది” అంది డ్రైవరమ్మ చిన్నగా. “వెనక బరువుంది, సీసాల చప్పుడు విను. పాలబండి. సందు ఇరుకు, మనం మధ్యలో నడుస్తున్నాం.”

ఆమె చెవి పెట్టింది. నిజమే, సన్నగా గలగల. భయంతో తన చెవులు కూడా వినడం మానేశాయి. ఇద్దరూ గోడకి ఒదిగితే వ్యాను రాసుకుంటూ పోయింది. లోపలి మనిషి ఆవలిస్తున్నాడు, వీళ్ళ వైపు చూడనైనా లేదు.

“ఈసారి పాలబండి” అంది ఆమె. “ఎప్పుడూ పాలబండే అవుతుందా?”

“అవదు” అంది డ్రైవరమ్మ. “నాకూ భయమే, ముప్ఫయ్యేళ్ళ నుంచీ. భయం పోయాక బండెక్కుదామనుకునుంటే ఇప్పటికీ మా ఇంటి గుమ్మంలోనే నిలబడి ఉండేదాన్ని.” నాలుగడుగులు కుంటి మళ్ళీ అంది, “రేపు ఐదున్నరకి హోటల్ ముందు బస్సు టైర్లు చూసుకుంటూ ఉంటా. ఆ రోడ్డు నిటారుగా ఉంది, చివరిదాకా కనపడుతుంది. పరిగెత్తేదుంటే అక్కడ పరిగెత్తు.”

గాజు తలుపు తోసుకుని లోపలికి వస్తే కౌంటర్ అబ్బాయి నిద్రమొహంతో లేచాడు. “మెట్లు వాడుకున్నారా మేడమ్?”

“వాడుకున్నాం నాయనా” అంది డ్రైవరమ్మ, టవల్ కాలితో టపటపా నడుస్తూ. “లోపలికి పోవడమే గాని బయటికి దారి లేదు వాటికి.”

“అది సేఫ్టీ కోసమే మేడమ్” అన్నాడు.

గదికి వచ్చేసరికి ఆరూ ముప్ఫై అయిదు. ఆసుపత్రి కారు ఏడుంబావుకి వస్తుంది. లెక్క చూసుకుంది. షరతు చెప్పిన ఏడు లోపు ఇరవయ్యొక్క నిమిషాలకి టైముంది, ఇంకా నాలుగు నిమిషాలు మిగులుతుంది కూడా. మంచానికీ గోడకీ మధ్య నిలబడి, ఉన్నచోటే పరిగెత్తితే చాలు. షరతు ప్రకారం అదీ పరుగే. వెళ్ళి అక్కడ నిలబడింది. ఒక కాలు ఎత్తింది. గోడ మీద ఎవరి చెయ్యో ఆనిన జిడ్డు మరక, మంచం కింద ఎవరిదో తలపిన్ను. ఈ జాగాలో తనలాగే ఇంకెవరైనా నిలబడి పరిగెత్తి ఉంటారా అనిపించింది. ఎత్తిన కాలు కింద పెట్టింది. వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఒళ్ళంతా వణుకు. సందులో కూడా ఇంత వణకలేదు. వ్యాను వెనకాల వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఒక చెయ్యి దొరికింది, ఇక్కడ అదీ లేదు. తనకి వీధంటే భయమని ఇన్నాళ్ళూ అనుకుంది. ఉంది, కాదనదు. కాని అంతకన్నా పెద్ద భయం ఇదిగో, ఇప్పుడు మోగబోయే ఫోను. ఈ భయానికి ఎవరూ మెట్లు చూపించలేదు, జాగ్రత్త అని ఎవరూ చెప్పలేదు.

గ్రూపులో మామయ్య మెసేజీ వచ్చి ఉంది: ఫోటో రాలేదమ్మా. దాని కింద అత్తయ్య పెట్టిన గులాబీ పువ్వు, శుభోదయం. ఆమె జవాబు రాయలేదు. ఫోను మోగింది.

“ఫోటో ఏదీ?” అన్నారు ఆయన. “నాన్న అప్పటినుంచీ కూర్చున్నారు.”

“పంతొమ్మిది నిమిషాలే అయిందండీ. ఇవాళ తప్పింది.”

ఏమైంది, ఒంట్లో బాగాలేదా, అని అడుగుతారేమోనని చూసింది. ఆయన నవ్వారు. కోపంగా కాదు, చాలా రోజులుగా ఎదురుచూసిన బస్సు వచ్చినప్పుడు నవ్వినట్టు.

“చెప్పానా లేదా? ఆరంభశూరత్వం అని ఆ రోజే అన్నాను. నాన్నా, కలం మూసెయ్, మన ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది.” లోపల ఎవరో నవ్వారు. “సరేలే, అనుకున్న మాట ప్రకారం బూట్లు అటకెక్కించేద్దాం.”

“రేపు రోడ్డు మీద పరిగెడతాను” అంది ఆమె. గొంతు వణికింది. వణుకు ఆగేదాకా ఆగుదామనుకుని, ఆగలేదు. “భయంగానే ఉంది. అయినా పరిగెడతాను. ఫోటో పెట్టను.”

“ఏంటీ? సరిగా వినపడలేదు. బూట్లెక్కడ పెట్టావో చెప్పు, ఇప్పుడే ఎక్కించేస్తాను.”

ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో అడిగిన ప్రతిసారీ చెప్పినట్టే, ఇప్పుడూ చెప్పింది.

“నా కాళ్ళకున్నాయి.”